ట్రక్కు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్ పెట్టేశాక కూడా నీ మాటలే మనసులో తిరిగాయి. సెలైనాలో అయిదెకరాలు కొన్నావు. చిన్న ట్రాక్టరు, దాన్ని మోసుకెళ్ళే ట్రైలరు అనుకున్నావు. ఇక ట్రక్కు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయావు. ఆఫీసులో అందరూ "టెక్సాస్‌లో ఉండి ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ లేని ట్రక్కు కొంటావా?" అంటున్నారనీ, చిన్న టర్బో ఇంజన్ నాలుగేళ్ళకే పోతుందని భయపెడుతున్నారనీ చెప్పావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, అందుకే రాస్తున్నాను.

నా సలహా అయితే ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులో 2.7 లీటర్ల ఎకోబూస్ట్ తీసుకో. ఎకోబూస్ట్ అంటే ఫోర్డ్ వాళ్ళ టర్బో ఇంజనే. ఆ ఇంజన్ 2015 మోడల్‌తో మొదటిసారి వచ్చింది, నేను ఆ ఏడాదే కొన్నాను. ఇప్పటికి లక్షా అరవై వేల మైళ్ళు తిరిగింది. ఇంజన్ విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

మన ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు నువ్వు చిన్నప్పుడు తాతయ్యతో కలిసి చూశావు కదా. అక్కడ అసలు కష్టమంతా బండ కదిలే మొదటి అడుగులోనే. ట్రైలరు కూడా అంతే. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు కావాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, అదీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందాలి. ఇప్పటి 2.7 ఇంజన్‌కి 325 హార్స్‌పవర్, 400 పౌండ్-ఫీట్ టార్క్. అదే ట్రక్కులో వచ్చే 5.0 లీటర్ల వీ8కి 400 హార్స్‌పవర్, 410 టార్క్. కాగితం మీద వీ8దే పైచేయి. కానీ వీ8 ఆ టార్క్ మొత్తం ఇవ్వాలంటే ఇంజన్ నిమిషానికి 4,250 చుట్లు (ఆర్పీఎం) తిరిగేదాకా వెళ్ళాలి. 2.7కి 3,000 దగ్గరే అందుతుంది. నీ ట్రాక్టరు ఎక్కించి బయల్దేరినప్పుడు ఈ తేడా నీ పాదానికే తెలుస్తుంది.

టర్బో అంటే భయపడాల్సినంత వింతేమీ లేదు. కమ్మరి కొలిమిలో తిత్తి చేసే పనే ఇదీ చేస్తుంది. బయటికి పోయే పొగ వేగంతో చిన్న చక్రం తిరిగి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికే 2.7 బ్లాకు పైభాగాన్ని కాంపాక్టెడ్ గ్రాఫైట్ ఐరన్‌తో పోశారు, డీజిల్ ఇంజన్లకు వాడే లోహం అది. ఇంకో లాభం కొలరాడో వెళ్ళినప్పుడు కనిపిస్తుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. డెన్వర్ దాటాక ఐ-70 మీద ఐజెన్‌హోవర్ టనెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ టర్బో లేని వీ8 బండ్లు గేర్లు దించుకుని గట్టిగా అరుస్తూ ఎక్కుతుంటే నా బండి మామూలుగానే ఎక్కింది.

మైలేజీ విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకు. ఖాళీగా, నెమ్మదైన కాలితో నడిపితే వీ8 కంటే గాలన్‌కి రెండు మూడు మైళ్ళు ఎక్కువ వస్తుంది. ట్రైలరు తగిలిస్తే ఆ తేడా పోతుంది. నాకు లోడుతో పది, పదకొండు మించి ఎప్పుడూ రాలేదు. ఆగస్టు ఎండలో బరువు లాగే రోజుల్లో ప్రీమియం పెట్రోలు పోయించు, మిగతా రోజుల్లో మామూలు 87 రకం పెట్రోలు చాలు.

ఇక ఇంజన్ నూనె మార్చే సంగతి. దయచేసి ఈ ఒక్కటీ రెండుసార్లు చదువు. సర్వీసుకి వెళ్ళినచోట ఒకాయన "డ్యాష్‌బోర్డు చెప్పేదాకా ఆగండి, పది వేల మైళ్ళు వస్తుంది" అన్నాడు. నమ్మాను. ఆ చలికాలం నేను ఇంటి నుంచి స్టోర్‌కి, స్టోర్ నుంచి గుడికి, అన్నీ రెండు మూడు మైళ్ళ ప్రయాణాలే చేశాను. ఓ ఆదివారం పొద్దున నూనె మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ ముంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన గుప్పుమంది. మట్టం కూడా పై గీతను దాటి ఉంది. నూనె పెరగడమేమిటి? ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, మండని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి నూనెలో కలుస్తుంది. పల్చబడిన ఆ నూనే టర్బో బేరింగుల్నీ కాపాడాలి, టైమింగ్ చెయిన్‌నీ కాపాడాలి. ఆ రోజు నుంచీ అయిదు వేల మైళ్ళు దాటనివ్వను. ఆరు క్వార్ట్‌లు, 5డబ్ల్యూ-30 సింథటిక్. ఇంట్లో నేనే మారుస్తాను. నువ్వూ వారానికోసారైనా బండిని అరగంట హైవే మీద తిప్పు. బరువు లాగి వచ్చిన వెంటనే తాళం తిప్పి ఆపేయకు, ఒకటి రెండు నిమిషాలు అలా తిరగనివ్వు. ఎర్రగా కాలిన టర్బోలో నూనె నిలిచిపోతే మాడి గసి కడుతుంది.

పాతది కొనేట్టయితే 2018 లేదా ఆ తర్వాతి మోడలే చూడు. అప్పటి నుంచి వాల్వుల వెనక కూడా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెట్టారు, వాల్వుల మీద మసి అంతగా పట్టదు. నా దాంట్లో అది లేదు. 2021, 2022 బండ్లు చూస్తే మాత్రం బండి గుర్తింపు నంబరు (విన్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి చూడు. ఇన్‌టేక్ వాల్వులు విరిగే ప్రమాదం ఉందని 2024లో ఫోర్డ్ 2.7, 3.0 ఇంజన్లున్న 90 వేల పైచిలుకు బండ్లను సరిచేయడానికి వెనక్కి పిలిపించింది (రీకాల్ చేసింది). ఇది చదివి వీ8 అయితే నిశ్చింత అనుకోకు. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఉన్న దాదాపు ఆరు లక్షల బండ్లను రీకాల్ చేసింది.

అసలు నువ్వు ఇంజన్ గురించి ఇంత టెన్షన్ పడుతున్నావు గానీ, నీకు అడ్డం వచ్చేది వేరే ఉంది. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. అది 1,500 అనుకో. ట్రాక్టరు, లోడరు, ట్రైలరు కలిపి 4,500 పౌండ్లయితే, అందులో పన్నెండు శాతం, అంటే 540 పౌండ్లు ట్రైలరు తగిలించే కొక్కెం (హిచ్) మీద కూర్చుంటాయి, అవీ ఆ 1,500 లెక్కలోకే వస్తాయి. నువ్వు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, మీ అమ్మ కలిపి ఓ 600. వెనకాల పది మట్టి బస్తాలు వేస్తే ఇంకో 400. లెక్క దాటిపోయింది! అప్పటికి ఇంజన్‌కి చెమట కూడా పట్టలేదు. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, తోలు సీట్లు పెరిగినకొద్దీ ఆ స్టిక్కర్ మీది అంకె తగ్గుతుంది. అందుకే పైతరగతి మోడల్ వద్దు, ట్రైలరు లాగే సరంజామా (టో ప్యాకేజీ) ఉన్న మామూలు ఎక్స్‌ఎల్‌టీ మోడల్ చాలు.

హిచ్ మీద బరువు తగ్గించాలని సామాను వెనక్కి జరపకు. నేనోసారి పేవర్ రాళ్ళు ట్రైలరు వెనక వైపు పేర్చాను. 65 మైళ్ళ వేగంలో అది పాము తోకలా అటూ ఇటూ కొట్టుకుంది. పక్కన మీ అత్తయ్య ఉంది. కాలు తీసేసి, ట్రైలరు బ్రేకు మాత్రం చేత్తో మెల్లగా నొక్కి పక్కకి ఆపాను. చేతులు పది నిమిషాలు వణుకుతూనే ఉన్నాయి. ఇలా ట్రైలరు బ్రేకుని ట్రక్కులోంచే వేయనిచ్చే బ్రేక్ కంట్రోలర్ లేని ట్రక్కు ఎంత చవగ్గా ఇచ్చినా కొనకు.

ఒకవేళ ముందుముందు తొమ్మిది పదివేల పౌండ్లు ప్రతి వారం లాగే పని పెట్టుకుంటే, అప్పుడు 2.7 కాదు, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ చూద్దాం. అయిదెకరాల పనికి అంత అక్కర్లేదు.

శనివారం ఎండెక్కకముందే రా. నా ట్రక్కుకి ట్రైలరు తగిలించి ఉంచుతాను, లోడుతో మెకిన్నీ దాకా నువ్వే నడుపు. వచ్చేటప్పుడు నువ్వు చూసి వచ్చిన ఆ తెల్ల ట్రక్కు తలుపు స్టిక్కర్ ఫోటో తెప్పించుకుని తీసుకురా.

మీ మావయ్య