మీ ప్రశ్న – మా జవాబు: సర్వేల్ గురుకులం

ప్రశ్న: మా నాన్నగారు 1970 దశకం చివర్లో సర్వేల్ గురుకులంలో చదువుకున్నారు. ఆ బడి పేరెత్తితే ఇప్పటికీ ఆయన గొంతు మారిపోతుంది. గురుకుల విద్య అక్కడే మొదలైందనడం నిజమేనా? మారుమూల పల్లెలో మగపిల్లల కోసం పెట్టిన బడికి అంత పేరు ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: నిజమేనమ్మా, అయితే ఒక చిన్న వివరణ అవసరం. విద్యార్థులు అక్కడే ఉండి చదువుకునే బడులు మన దగ్గర అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. హైదరాబాదులో జాగీర్దారుల కొడుకుల కోసం 1923లో పెట్టిన జాగీర్దార్ కాలేజీ అలాంటిదే. జాగీర్దారీ రద్దయ్యాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది. కానీ అటువంటి చదువు కలిగినవారికే అందేది. పల్లెటూరి పేదింటి పిల్లవాడు తెలివైనవాడైతే పరీక్ష పెట్టి ఎంపిక చేసి, తిండి, వసతి, చదువుల భారమంతా ప్రభుత్వమే మోసే పద్ధతి 1971 నవంబరు 23న సర్వేల్‌లో మొదలైంది. దాన్ని ప్రారంభించినవారు అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. అంతకు ముందు విద్యాశాఖ మంత్రిగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. సర్వేల్ అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. మరుసటి ఏడు కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి గురుకులాలు తెరుచుకున్నాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున రాష్ట్రమంతా ఈ మూడు పేర్ల కోసం పత్రికలు వెదికేది.

పేరు రావడానికి కారణం ర్యాంకులేనని చాలామంది అనుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు కారణం ఉపాధ్యాయులు పిల్లలతో పాటు అక్కడే కాపురం ఉండడం. ఈ శీర్షిక రాస్తున్న నేనూ అటువంటి ఒక బాలుర గురుకులంలోనే చదివాను. తెల్లవారుజామున గంట కొట్టగానే మమ్మల్ని వ్యాయామానికి లేపే మాస్టారే రాత్రి స్టడీ అవర్‌లో లెక్క అర్థం కానివాడి పక్కన నేల మీద కూర్చుని పలక మీద మళ్లీ వేసి చూపించేవారు. ఒక్కొక్కరికి ఒక ట్రంకుపెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు ఉండేవి. పెట్టె తాళంచెవిని మొలతాడుకు కట్టుకునేవాళ్లం. మోతుబరి కొడుకు పెట్టె, పాలేరు కొడుకు పెట్టె పక్కపక్కనే ఉండేవి, రెంటిలోనూ అవే రెండు జతల బట్టలు. పదేళ్లవాడు ఇంటి మీద బెంగతో మొదటి నెలంతా దుప్పట్లో ఏడ్చిన మాటా వాస్తవమే. ఆ బాధను తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఈ పద్ధతి మీద ఒక విమర్శ ఉంది, అది సబబైనదే. చురుకైన పిల్లలను ఏరి తీసుకుపోతే ఊరి బడిలో మిగిలినవారి గతి ఏమిటన్న ప్రశ్నకు గురుకులాలు జవాబు చెప్పలేదు. నలుగురికి మేలు జరిగినంత మాత్రాన నలభైమందిని మరిచిపోకూడదు.

ప్రశ్న: అదంతా మగపిల్లల బడి కావడం వల్లే సాధ్యమైందని మా నాన్నగారు అంటారు. మీరేమంటారు?

జవాబు: పెద్దవారి మాట కాదనడానికి సంకోచిస్తూనే కాదంటున్నాను. ఆ రోజుల్లో పదేళ్ల ఆడపిల్లను ఊరు దాటించి హాస్టల్లో ఉంచడానికి పల్లెల్లో చాలా కుటుంబాలు ఒప్పుకునేవి కావు. అది కాలం పెట్టిన హద్దే గానీ, ఆ చదువుకు మూలం కాదు. 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయిన పి.వి.గారి హయాంలోనే నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. మొదటి రెండింటిని 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో తెరిచారు. ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష, ఉచిత వసతి, బడి ఆవరణలోనే ఉపాధ్యాయుల నివాసం, పల్లె పిల్లలకు కనీసం 75 శాతం సీట్లు వంటి నియమాల్లో సర్వేల్ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. మారింది ప్రధానంగా ఒక్కటే: ఈసారి బడిని మగపిల్లలకే పరిమితం చేయలేదు. సీట్లలో మూడో వంతైనా ఆడపిల్లలకు దక్కాలని నియమం పెట్టారు.