ఆటల జవాబులు: రెండు వైపులా మనవాళ్లే

ప్రశ్న: ఏప్రిల్‌లో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాం. వాడు ఎంఎస్ చదివే యూనివర్సిటీలో ఫుట్‌బాల్ జట్టు స్ప్రింగ్ గేమ్ ఉందంటే మమ్మల్నీ తీసుకెళ్లాడు. ఉన్న జట్టునే రెండుగా చేసి ఆడించారు. మూడు పొడుగాటి పాసులు, మూడు టచ్‌డౌన్లు. మావాడి ఆనందం అంతా ఇంతా కాదు, ఈ ఏడాది మనదే నాన్నా అన్నాడు. మా పక్కన కూర్చున్న అక్కడి పెద్దాయన మాత్రం మూడుసార్లూ తల పట్టుకున్నాడు, డిఫెన్స్ ఇలా ఉంటే అక్టోబరులో మన పని అయిపోయినట్టే అన్నాడట. చూసింది ఒకే ఆట, ఒకరికి పండగ, ఒకరికి దిగులు. ఎవరి మాట నమ్మాలి? (యూనివర్సిటీ పేరు వెయ్యకండి.)
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పేరు వెయ్యట్లేదండీ. కానీ ఆ పేరు చూడగానే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎందుకంటే నేను రెండేళ్లు చదువుకున్నది అక్కడే, ఆ మ్యాచ్ నేనూ చూశాను. అక్కడ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకు రాత్రి పదిన్నర. విజయవాడలో ఆ వేళకి కూడా డాబా మీద గచ్చు వేడి తగ్గలేదు, ఫోన్లో చూస్తే మీరందరూ అక్కడ స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు.

ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. అసలు సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది, దానికి ముందు ఏప్రిల్‌లో జనం ముందు ఆడే ప్రాక్టీసు మ్యాచే స్ప్రింగ్ గేమ్. ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు, వెళ్తే మళ్లీ నాలుగు, వెళ్లకపోతే బంతి అవతలి జట్టుది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అది కుదరనప్పుడు దూరం నుంచి స్తంభాల మధ్యలోకి తన్నితే 3.

ఇక మీ ప్రశ్న. కబడ్డీ జట్టు ప్రాక్టీసు మీరు చూసే ఉంటారు. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు, అందరూ ఒకే జట్టు పిల్లలు. రైడర్ వెళ్లి ఒక్క కూతలో ముగ్గురిని తాకి వచ్చాడనుకోండి, కోచ్ రైడర్ భుజం తట్టాలా, కార్నర్‌లో ఉన్నవాణ్ని తిట్టాలా? రెండూ చెయ్యాలి. స్ప్రింగ్ గేమ్ కూడా అంతే, రెండు వైపులా మనవాళ్లే, ఒకడి గెలుపు పక్కనే మన ఇంకొకడి ఓటమి ఉంటుంది. అందుకే నేను ఆ రోజు స్కోరు అసలు పట్టించుకోను. కొన్నిచోట్ల డిఫెన్స్ ఆపినందుకు కూడా పాయింట్లు వేసి అదో లెక్క పెడతారు, ఆ లెక్క ఆ సాయంత్రంతోనే సరి.

నేను చూసేది అవతలివాడితో సంబంధం లేని తప్పుల్ని. సెంటర్ అనేవాడు కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందిస్తాడు కదా, స్నాప్ అంటారు, అది బంతి అందుకుని పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతికి సరిగ్గా వెళ్లిందా లేదా అన్నదానికి అవతల ఎవరున్నారన్నది సంబంధం లేదు. మన సెంటర్ కొత్తవాడు, నేను లెక్కపెట్టినంతలో రెండు స్నాపులు పాడుచేశాడు, అందులో ఒకటి క్వార్టర్‌బ్యాక్ తల మీద నుంచి పోయింది. స్నాప్ కాకముందే లైన్‌లో ఒకడు కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు గజాలు వెనక్కి, అలాంటివి నాలుగు. సొంత మైదానంలో, అరిచి చెవులు చిల్లులు చేసే అవతలి అభిమానులు లేనిచోట, నాలుగు! చేతిలో పడ్డ బంతిని జారవిడిచినవి మూడు. కిక్కర్ 47 గజాల నుంచి చక్కగా కొట్టి, తర్వాత 32 గజాల నుంచి కుడివైపుకి తన్నేశాడు. (కామెంటేటర్ చెప్పకపోయినా ఈ దూరం మీరే కట్టుకోవచ్చు, బంతి ఉన్న గీత నుంచి గోల్ గీతకి ఎన్ని గజాలో చూసి దానికి 17 కలపండి, గీత వెనక స్తంభాల దాకా పది, కిక్ కోసం బంతిని వెనక్కి పెట్టే ఏడు.) ఈ తప్పులు ఎవరి మీద ఆడినా తప్పులే. మన డిఫెన్స్ గొప్పదా చెడ్డదా అన్నదాంతో వీటికి పని లేదు, అందుకే ఇవే నాకు టెన్షన్ పెట్టాయి.

ఆ మూడు టచ్‌డౌన్ల సంగతి. వీడియో దొరికితే మీ అబ్బాయితో కలిసి మళ్లీ చూడండి, ఈసారి బంతిని కాకుండా బంతి పట్టబోయేవాడి పక్కన ఎవరున్నారో చూడండి. మొదటిదాంట్లో ఇద్దరు డిఫెండర్లు ఒకే మనిషి వెనక పరిగెత్తారు, రెండోవాడు ఖాళీగా వెళ్లిపోయాడు. నువ్వు పట్టుకుంటావనుకున్నా అని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కెమెరాలో కూడా పడింది. మూడోదీ దాదాపు అలాంటిదే. ఆ రెండింటికీ పెద్దాయన తల పట్టుకోవడం సబబే. కానీ రెండోది వేరు. డిఫెండర్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు, చెయ్యి కూడా పెట్టాడు, అయినా మన పొడుగు కుర్రాడు పరిగెత్తుతూనే భుజం మీదుగా వెనక్కి చూసి బంతిని వేళ్ల చివర్లతో అందుకున్నాడు. అక్కడ ఎవరి తప్పూ లేదు. ఆ ఒక్కదానికి మీ అబ్బాయి సంతోషం నూటికి నూరుపాళ్లు న్యాయం, నేనూ డాబా మీద గట్టిగా అరిచాను, పక్కింట్లో లైటు వెలిగింది.

ఇంకొకటి, మన కోచ్ ఆ రోజు చూపించిన ఎత్తులు చాలా మామూలువి. ప్రతి కోచ్ అదే చేస్తాడు, సెప్టెంబరులో ఆడబోయే జట్లవాళ్లు కూడా ఈ వీడియోలు చూస్తారు కాబట్టి దాచుకోవాల్సింది దాచుకుంటాడు. డిఫెన్స్ కుర్రాళ్లకి కూడా వాళ్లకి తెలిసిన ఎత్తుల్లో సగం వాడొద్దని చెప్పి ఉంటారు. కాబట్టి పెద్దాయన అక్టోబరు దాకా వెళ్లనక్కర్లేదు. సెంటర్‌ని బాగుచేసుకోవడానికి ఆగస్టు చివరిదాకా టైముంది, నా దృష్టంతా అక్కడే ఉంది.

ప్రశ్న: స్ప్రింగ్ గేమ్ వీడియోల్లో క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి ఎవరైనా వస్తే చాలు రిఫరీ విజిల్ ఊదేస్తాడు. అతని జెర్సీ రంగు కూడా వేరు. ముట్టుకోకూడనివాడితో ఆడేది ఆట ఎలా అవుతుంది?
– ఇంజినీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఆ రంగు జెర్సీ అర్థమే ఇతన్ని పడెయ్యొద్దని. ఏప్రిల్‌లో మోకాలు పోతే ఆ ఏడాది పోయినట్టే, ఆ రిస్కు ఏ కోచూ తీసుకోడు. కానీ నువ్వు అడిగినదాంట్లో పాయింటుంది. విజిల్ ఊదినచోట చాలాసార్లు అతను తప్పించుకునేవాడే, ఇంకో రెండు అడుగులు వేసి బయటపడేవాడే. అందుకని కాళ్లతో ఆడే క్వార్టర్‌బ్యాక్‌లకి ఈ మ్యాచ్‌లో అన్యాయం జరుగుతుంది, నిలబడి విసిరేవాళ్లు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తారు. మన రెండో క్వార్టర్‌బ్యాక్ అలాంటివాడే, ఐదుసార్లు విజిల్‌కి దొరికిపోయాడు, నా లెక్కలో అందులో మూడు దొరికినట్టే కాదు.

ప్రశ్న: మా అల్లుడు నెబ్రాస్కాలో ఉంటాడు. 2025లో అక్కడ మామూలుగా జరిగే స్ప్రింగ్ గేమ్ మానేశారని చాలా బాధపడ్డాడు. ప్రాక్టీసు మ్యాచ్ కోసం ఇంత బాధా? అసలు ఎందుకు మానేశారు?
– రిటైర్డ్ ఉద్యోగి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ప్రాక్టీసు మ్యాచే సార్, కానీ జనం ఎంతమంది వస్తారో చూడండి. 2007లో అలబామా యూనివర్సిటీకి నిక్ సేబన్ కొత్తగా కోచ్‌గా వచ్చినప్పుడు స్ప్రింగ్ గేమ్ చూడటానికి 92,138 మంది వచ్చారు. 2016లో ఒహాయో స్టేట్‌లో 1,00,189 మంది. మన ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబరులో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగినప్పుడు బందరు రోడ్డు ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. అది రెండు దేశాల మధ్య మ్యాచ్. వీళ్లు తమ పిల్లలు తమలో తాము ఆడుకోవడం చూడటానికి అంతకు ఎన్నో రెట్లు వస్తారు. అసలు సీజన్‌లో టికెట్లు కొనలేని కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వచ్చే రోజు ఇది. మీ అల్లుడి బాధ నాకు బాగా అర్థమైంది.

నెబ్రాస్కా కోచ్ మాట్ రూల్ కారణం దాచుకోలేదు. మా కుర్రాడు టీవీలో బాగా ఆడాడంటే వేరే యూనివర్సిటీ వాళ్లు వచ్చి ఎగరేసుకుపోతారు అన్నది ఆయన భయం. అందులో అబద్ధం లేదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇస్తున్నాయి, యూనివర్సిటీ మారడం కూడా ఒకప్పటంత కష్టం కాదు. పైగా అప్పట్లో బదిలీకి డిసెంబరులో ఒకసారి, మళ్లీ ఏప్రిల్‌లో ఒకసారి గడువు ఉండేది, అంటే స్ప్రింగ్ గేమ్‌లో మెరిసినవాడు అదే నెలలో వెళ్లిపోవచ్చు.

కానీ ఆ ఏప్రిల్ గడువు తీసేశారు సార్. 2026 నుంచి జనవరిలో ఒక్కసారే. భయానికి ఉన్న పెద్ద కారణం పోయాక కూడా గేట్లు మూసి ఆడుకోవడం సరికాదని నేను గట్టిగా అంటాను. ఏడాదంతా జట్టు చొక్కా వేసుకుని తిరిగే మనిషికి తన కుర్రాళ్లని ఒక్క మధ్యాహ్నం దగ్గర్నుంచి చూసే హక్కుంది.

ప్రశ్న: మా అక్క మనవడు అక్కడే పుట్టి పెరిగాడు, హైస్కూల్ జట్టులో ఆడుతున్నాడు, కాలేజీలోనూ ఆడతానంటున్నాడు. తలకి దెబ్బలు తగులుతాయని విని నాకు నిద్ర పట్టడం లేదు. ప్రాక్టీసులో కూడా అంత గట్టిగా గుద్దుకుంటారా?
– ఒక అమ్మమ్మ, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయం తీసిపారేసేది కాదు, ఈ ఆటని ఇంత ఇష్టపడే నేనే చెబుతున్నాను. పెద్ద దెబ్బలే కాదు, ఏళ్ల తరబడి తలకి పదేపదే తగిలే చిన్న దెబ్బలు కూడా మెదడుకు చేటని డాక్టర్లు చెబుతున్నారు. అందుకే కాలేజీ ఆటలో రూల్స్ మారుతూ వచ్చాయి. స్ప్రింగ్‌లో ప్రాక్టీసు 15 రోజులే, అందులో కిందపడేసి ఆడేది 8 రోజులకు మించకూడదు. మ్యాచ్‌లో తలని గురిపెట్టి గుద్దితే 2013 నుంచి బయటికి పంపేస్తున్నారు. తలకి దెబ్బ తగిలి కన్‌కషన్ (మెదడు అదరడం) అని తేలితే ఆ రోజు మళ్లీ ఆడనివ్వరు.

హైస్కూల్ రూల్స్ రాష్ట్రాన్నిబట్టి ఉంటాయి. మీ అక్కగారితో, పిల్లాడి తల్లిదండ్రులతో ఈ మూడు మాటలు కోచ్‌ని అడిగించండి: వారంలో ఎన్ని రోజులు నిజంగా పడేసి ఆడిస్తారు, ప్రాక్టీసు జరిగినంతసేపూ దెబ్బలు చూసే ట్రైనర్ మైదానంలో ఉంటాడా, దెబ్బ తగిలాక మళ్లీ ఆడొచ్చని సంతకం పెట్టేది ఎవరు. మూడోదానికి డాక్టర్ అని కాకుండా కోచ్ అని జవాబొస్తే పిల్లాణ్ని ఆ జట్టులో ఆడించొద్దు. పిల్లాడికి కూడా ఒకటి చెప్పండి, మీరు చెబితే వింటాడు: తల తిరిగినట్టు అనిపిస్తే జట్టు కోసం దాచుకోకూడదు, వెంటనే చెప్పాలి. ఈ వయసులో దాచుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: పైన బ్రాడీపేట నుంచి రాసింది మా వారే. నా ప్రశ్న రాయమంటే రాయలేదు, అందుకని నేనే రాస్తున్నాను. ఆట అయిపోవస్తుంటే జనం సగం మంది లేచి వెళ్లిపోయారు. అప్పుడు ఒక పొట్టి కుర్రాడికి బంతి ఇచ్చారు. ఐదారు గజాలు పరిగెత్తాడు అంతే, పడిపోయాడు. దానికి పక్కన నిలబడ్డ ఆటగాళ్లందరూ కప్పు గెలిచినట్టు ఎగిరారు, పెద్ద పెద్ద వాళ్లు వచ్చి వాణ్ని ఎత్తుకున్నారు. మా అబ్బాయిని అడిగితే వాడెవడో తెలీదమ్మా అన్నాడు. ఎందుకంత సంబరం?

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదేనమ్మా. ఆ పరుగు నేనూ చూశాను. ఆరు గజాలు. మీరు వర్ణించినదాన్నిబట్టీ జట్టువాళ్ల సంబరాన్నిబట్టీ ఆ అబ్బాయి వాక్-ఆన్ అయి ఉంటాడు, అంటే ఎవరూ పిలవకుండా తనే వచ్చి జట్టులో చేరినవాడు. స్కాలర్‌షిప్ ఉండదు, ఫీజు ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. చాలా ఏళ్లు ఒక్కో జట్టుకు స్కాలర్‌షిప్పులు 85 మాత్రమే ఉండేవి, మిగతావాళ్లందరూ ఇలా వచ్చినవాళ్లే.

వీళ్లు ఏం చేస్తారో తెలుసా? సీజన్‌లో ప్రతి వారం రాబోయే ప్రత్యర్థి జట్టులా ఆడి చూపిస్తారు. ఈ వారం అవతలి జట్టులో మెరుపులా పరిగెత్తేవాడు ఉన్నాడంటే, మన పొట్టి కుర్రాడు వారమంతా అతనిలా పరిగెత్తి మన డిఫెన్స్ చేత దెబ్బలు తింటాడు. శనివారం అసలు మ్యాచ్ వచ్చేసరికి బట్టలేసుకుని పక్కన నిలబడతాడు. చాలామంది నాలుగేళ్లూ అలాగే నిలబడి డిగ్రీ తీసుకుని వెళ్లిపోతారు. వాణ్ని వారమంతా గుద్దినవాళ్లే ఆ రోజు ఎత్తుకున్నది, వాడి విలువ వాళ్లకే తెలుసు.

2025 నుంచి, ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇచ్చే కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో జట్టు మొత్తం 105 మందికి మించకూడదని పెట్టారు. అంతకుముందు 120 మందికి పైగా ఉన్న జట్లు కూడా ఉండేవి. కోత పడింది ఎక్కువగా ఇలాంటి పిల్లల మీదే, నాకు ఆ నిర్ణయం ఇప్పటికీ మింగుడు పడటం లేదు. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తే చివరి క్వార్టర్ అయ్యేదాకా లేవకండి, వీలైతే బెంచీకి దగ్గరగా టికెట్ తీసుకోమని అబ్బాయికి చెప్పండి. ఆ పొట్టి కుర్రాడి నంబరు నేను రాసిపెట్టుకున్నాను, 38.