బంతి ఆగి ఆగి వస్తోందా?

ప్రశ్న: మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. క్రికెట్ గేమ్ పెడితే బంతి ఆగి ఆగి వస్తోంది. కొత్తది కొనాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అప్పుడే కొనకండమ్మా. కార్డు లేనప్పుడు, ల్యాప్‌టాప్‌లోనే ఉండి తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ కూడా ఆ 4 జీబీ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. ర్యామ్ పెట్టే ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో 4 జీబీ వేయించండి, ఖర్చు పెట్టదగ్గది అదొక్కటే. గేమ్‌లో రిజల్యూషన్ (తెర మీద చుక్కల లెక్క) 1920×1080 నుంచి 1280×720కి దించితే గీయాల్సిన చుక్కలు సగానికి పైగా తగ్గుతాయి. నీడలు ఆపేయండి, బ్రౌజర్ మూసేయండి.

ముఖ్యంగా, మన విశాఖ ఉక్కపోతలో పరుపు మీద పెట్టి ఆడనివ్వకండి. కింద గాలి రంధ్రాలు మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. డాబాగార్డెన్స్‌లో రిపేరుకని నా బల్ల మీదికి వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఫ్యాన్ వెనక దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. ముందు అది తీయించండి.