పది నంబర్లు, రెండు లైట్లు

ప్రశ్న: సార్, దేవరకొండ దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకు పాత కంప్యూటర్లు ఎట్లుండేవో చూపించాలనుంది, కానీ అసలు మిషన్లు దొరకవు. సిమ్యులేటర్‌లో (పాత మిషన్‌లాగే నడిచే సాఫ్ట్‌వేర్) చూపిస్తే అదీ ఒక ఫోన్ గేమే అనుకోరా?

జవాబు: పాత ఆటలతో మొదలుపెడితే తప్పకుండా అనుకుంటారు. అందుకే ఆటలు పక్కనపెట్టి ఆల్టెయిర్ 8800 తెరవండి. 1975 జనవరిలో అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన మిషన్ ఇది. కీబోర్డు లేదు, తెర లేదు, ముందువైపు వరుసగా స్విచ్చులు, ఎర్ర లైట్లు, అంతే. మెమరీ మొదట్లో 256 బైట్లు. దీని సిమ్యులేటర్లు బ్రౌజర్‌లోనే నడుస్తాయి.

రెండూ మూడూ కూడించండి. దానికి పది నంబర్లు కావాలి: 62, 2, 198, 3, 50, 128, 0, 195, 0, 0. రెండు తీసుకో, మూడు కలుపు, మెమరీలో 128వ గదిలో పెట్టు, మళ్లీ మొదటికి పో అని దీని అర్థం. ఒక్కో స్విచ్చుకు 1, 2, 4, 8 ఇట్లా రెట్టింపయ్యే విలువ ఉంటుంది, 62 అంటే 32, 16, 8, 4, 2 స్విచ్చులు పైకి. బైనరీ ఎందుకు సార్ అని ఇక ఎవరూ అడగరు. స్విచ్చులన్నీ కిందికి దించి (అంటే సున్నా గది) ఎగ్జామిన్ నొక్కాలి, అది ఆ గదిని చూపిస్తుంది. తర్వాత ఒక్కో నంబరును స్విచ్చులతో పెట్టి, మొదటిదాన్ని ఆ గదిలో రాయడానికి డిపాజిట్, మిగతా వాటిని తర్వాతి గదుల్లో రాయడానికి డిపాజిట్ నెక్స్ట్. ఒకరు చదువుతుంటే ఇంకొకరు పెట్టాలి, తప్పులు ఎట్లాగూ వస్తాయి, రానివ్వండి. అయ్యాక మళ్లీ సున్నాకు వచ్చి రన్, తర్వాత స్టాప్, 128 పెట్టి ఎగ్జామిన్. డేటా వరుసలో రెండు లైట్లు వెలుగుతాయి, నాలుగుది, ఒకటిది. ఐదు!

అప్పుడు ఆ పేజీని మీరే రిఫ్రెష్ కొట్టండి. అంతా మాయం. పిల్లలు గోల చేస్తారు, చేయనీయండి, నిజం మిషన్‌లోనూ కరెంటు పోతే ఇంతే (మన దగ్గర ఇది విడమరిచి చెప్పే పనే లేదు).

ఆ తర్వాత కావాలంటే బీబీసీ మైక్రో చూపించండి, 1984-85లో క్లాస్ అనే బడి కంప్యూటర్ చదువు పథకం కింద మన దేశంలో బడులకు వచ్చింది అదే. మోడల్ బి మెమరీ 32 కేబీ, మన వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా చాలాసార్లు అందులో పట్టదు.

ఒక్క లోటు, సిమ్యులేటర్‌లో చేతికి ఏదీ తగలదు. మీ పాత విద్యార్థులెవరైనా నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాలిటెక్నిక్ చదువుతుంటే, వాళ్ల ల్యాబులో 8085 కిట్ (8085 అనే పాత ప్రాసెసర్‌తో ప్రాక్టికల్స్ చేసే బోర్డు) ఉందేమో కనుక్కోండి. అడ్రసులు (గది నంబర్లు) మార్చుకుని, నంబర్లను హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) కొడితే ఇదే ప్రోగ్రాం దాని మీదా నడుస్తుంది.