అవ్వను రామేశ్వరం తీస్కపోయే ముందు ఇది చదువు పాపా

పాపా, నిన్న మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు, డిసెంబర్ లీవుల్లో అవ్వను నువ్వే రామేశ్వరం తీస్కపోతాండావంట కదా. ఎంత సంతోషమైందో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఇంత పొడుగు మెసేజ్ పెడతాండా, సగం చదివి బొటనవేలు గుర్తు పెట్టి వదిలేయొద్దు.

ముందు ఆ డిసెంబర్ మార్చు. 1964 డిసెంబర్ 22 రాత్రి తుఫానుకు రామేశ్వరం పక్కనుండే ధనుష్కోడి ఊరికి ఊరే పోయింది, పాంబన్ నుంచి వస్తాండే ప్యాసింజర్ రైలును జనంతో సహా సముద్రం ఈడ్చకపోయింది. ఎప్పటి మాటో పెద్దనాయనా అంటావు, అయినా ఆ పక్క అక్టోబర్ నుంచి డిసెంబర్ దాంక వానలే. ఫిబ్రవరిలో పోండి, అమావాస్య, శివరాత్రి తప్పించి.

రైలూ రూమూ నువ్వు చూసుకుంటావు. రూము గుడి దగ్గర్లో, కింది అంతస్తులో ఉండాల.

ఇంగ అసలు సంగతి. తాత యాత్రలో పడి కర్ర పట్టినాడని మాత్రమే నీకు తెలుసు, అది రామేశ్వరంలోనే. ఊరోళ్లంతా బస్సు మాట్లాడుకోని పోయినారు, ఆ బస్సు తెచ్చినాయన తొమ్మిదికల్లా బయల్దేరాలని తెల్లారకముందే అందర్నీ స్నానాలకు తోలినాడు. తాతకు షుగర్. తీర్థస్నానం పరగడుపునే చెయ్యాలని కాఫీ కూడా ముట్టలేదు, మాత్ర మాత్రం మర్చిపోకుండా ఏసుకున్నాడు, అదే కొంప ముంచింది. అగ్నితీర్థం అంటే సముద్రమే, అందులో మునిగి ఆ తడి గుడ్డల్తోనే గుడిలో 22 తీర్థాలు తిరగాల, ఒక్కో బావి కాడ నీళ్లు చేది బకెట్‌తో నెత్తిన పోస్తారు. కిందంతా రాతి బండలు, ఎప్పుడూ తడే. సగం బావులు కాకముందే చెమటలు పట్టి చేతులు వణికినాయంట, కూచుంటానన్నా పక్కోళ్లు ఇంగ కొన్నేలే నడువు నడువు అన్నారంట. పడినాడు. తుంటి ఎముక ఇరిగింది. అవ్వ దర్శనం లైన్లో కూడా నిలబడకుండా ఆయన్ను ఏస్కోని మదురై ఆస్పత్రికి పరిగెత్తింది. గుడి లోపలి దాంక పోయి స్వామిని చూడకుండా వచ్చిన మనిషి, తాత పోయినాక కూడా ఆ ఊరి పేరు ఎత్తలేదు, ఇప్పుడు నీతో పోదాం అనిందంటే నీ మీద ఎంత నమ్మకమో చూడు.

ఆమెకూ షుగర్ ఉంది. తిని తీర్థం ఆడితే పాపమని తగువేసుకుంటాది, ఒప్పుకోవద్దు, రెండు ఇడ్లీ తినిపించినాకనే మాత్ర. సంచిలో చక్కెర పొట్లం పెట్టుకో. 22 బావులు ఆమెకు వద్దే వద్దు, సముద్రం ఒడ్డున నెత్తిన నీళ్లు చల్లు చాలు. నువ్వు తిరుగు కావాలంటే, కానీ అప్పుడు ఆమె పక్కన మీ అమ్మ ఉండాల. తడి గుడ్డల్తో స్వామి దగ్గరికి పంపరు, పొడి చీర తీస్కపో. లోపలికి ఫోన్లు కూడా రానీరు, ఆ మూడో ప్రాకారంలో 1212 స్తంభాలు, ఎటు చూసినా ఒకే తీరు. తప్పిపోతే అవ్వకు అరవం ఒక్క ముక్క రాదు. చెయ్యి వదలొద్దు పాపా, సెల్ఫీలు తర్వాత.

ముందు హనుమంతుడు తెచ్చిన విశ్వలింగానికి పూజ, ఆ తర్వాతే సీతమ్మ ఇసకతో చేసిన రామలింగానికి. ఆ మాట ఆమె చెవిలో చెప్పు. మా చిన్నప్పుడు పెన్నలో తడి ఇసకతో లింగం చేసి మా చేత గన్నేరు పూలు పెట్టించేది, మీ నాయన కాలితో తన్ని దెబ్బలు కూడా తిన్నాడు. తోయొద్దు, తొందర చెయ్యొద్దు, ఎంతసేపు చూస్తే అంతసేపు చూడనీ.

ధనుష్కోడి దాటి కొసనుండే అరిచల్‌మునై దాంక ఇప్పుడు తారు రోడ్డు ఉంది. కూలిన చర్చి చూపించు, దారిలో కోదండరామస్వామి గుడి ఆ తుఫానుకు కూడా నిలబడింది, విభీషణుడి పట్టాభిషేకం అక్కడే అయిందంటారు, దిగి దండం పెట్టించు. కొసన మాత్రం నీళ్లల్లోకి దిగొద్దు, నువ్వు కూడా. అక్కడ నీళ్లు లోపలికి లాగుతాయి, మనం పెన్నలో మోకాల్లోతు నీళ్లు చూసినోళ్లం.

పోయేటప్పుడు రైల్లో కిటికీ పక్క సీటు అవ్వకియ్యి. పాంబన్ కాడ సముద్రం మీద 1914 నాటి పాత రైలు వంతెన పక్కనే 2025లో కొత్తది తెరిచినారు, ఓడలొస్తే మధ్య ముక్క నిట్టనిలువుగా పైకి లేస్తాది, రెండు కిలోమీటర్లు సముద్రం మీదనే పోతాది రైలు.

సోమవారం నేను ప్రొద్దుటూరు వచ్చి అవ్వను డాక్టర్‌కు చూపిస్తా, ప్రయాణంలో ఏ మాత్ర ఎప్పుడెయ్యాలో రాయించుకోని నీకు ఫోటో పెడతా. ఆయన సరే అన్నాకనే టికెట్లు చెయ్యి.