బ్లాట్‌లో బ్యాండ్లు ఉన్నా టీర్ ఎందుకు పెరగదు? టైట్ జంక్షన్ ప్రోటీన్లు చేసే పని

మీరు అడిగింది ఇది: ట్రాన్స్‌వెల్ ఇన్సర్ట్‌ల (అడుగున సన్నటి చిల్లుల పొర ఉండే చిన్న గిన్నెల) మీద కాకో-2 అనే పేగు కణాలు 21 రోజులు పెంచారు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని జెల్ మీద విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) టైట్ జంక్షన్ (పక్కపక్క కణాల సందు మూసే కట్టు) ప్రోటీన్లైన జెడ్‌ఓ-1, ఆక్లూడిన్, క్లాడిన్ బ్యాండ్లు బాగానే వస్తున్నాయి. టీర్ (కణాల పొర విద్యుత్తుకి చూపే నిరోధం) మాత్రం 150 ఓమ్ చ.సెం.మీ. దాటడం లేదు. ప్రోటీన్లన్నీ ఉండి కూడా జంక్షన్ ఎందుకు బిగుసుకోవడం లేదు?

కణంలో ప్రోటీన్ ఎంత ఉందో బ్లాట్ చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. టైట్ జంక్షన్ సంగతిలో ఎంత ఉందనే దానికన్నా ఎక్కడ ఉంది, ఏ రకం క్లాడిన్ ఉంది అన్నవే తేలుస్తాయి. ఇటుకలు, ఇసుక వాకిట్లో దించినంత మాత్రాన గోడ లేవదు.

గోడ లేచే వరస చూడండి. రెండు ఉపకళా కణాలు తగలగానే ముందు పట్టు దొరికేది నెక్టిన్, ఈ-క్యాడ్‌హెరిన్ అనే అతుకు ప్రోటీన్ల వల్ల. ఈ-క్యాడ్‌హెరిన్ నిలబడాలంటే కణం బయట కాల్షియం ఉండాలి. అలా తొలి పట్టు దొరికిన చుక్కల దగ్గరికే జెడ్‌ఓ-1 వచ్చేస్తుంది. క్లాడిన్లు, ఆక్లూడిన్ ఆ తర్వాత చేరతాయి. జెడ్‌ఓ-1 సుమారు 220 కిలోడాల్టన్ల ప్రోటీన్. కణత్వచానికి లోపలివైపు కట్టుకొయ్యలా ఉంటుంది. దానిలో వేరే ప్రోటీన్లని పట్టుకునే పీడీజెడ్ భాగాలు మూడు: మొదటి దానికి క్లాడిన్ తోక, రెండో దానికి దాని తోటి ప్రోటీన్ జెడ్‌ఓ-2, మూడో దానికి జామ్-ఏ అనే త్వచ ప్రోటీన్, జీయూకే అనే మరో భాగానికి ఆక్లూడిన్ తగులుకుంటాయి. జెడ్‌ఓ-1 సొంత తోక కణం లోపలి యాక్టిన్ తీగల్ని పట్టుకుంటుంది. ఈ కట్టుకొయ్య లేకపోతే ఏమవుతుందో 2006లో స్పష్టంగా తేలింది. జెడ్‌ఓ ప్రోటీన్లు మూడూ లేని ఉపకళా కణాల్లో క్లాడిన్ తయారవుతూనే ఉంది, తంతువులు (కణాల సందు మూసే క్లాడిన్ దారాలు) మాత్రం ఒక్కటీ కట్టుకోలేదు. జెడ్‌ఓ-1 గానీ జెడ్‌ఓ-2 గానీ తిరిగి ఇస్తే మళ్ళీ కట్టుకున్నాయి. మీ ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు లేదు.

ఒకవేళ మీరు క్లాడిన్‌కి జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్ ట్యాగ్) తగిలించి చూడాలనుకుంటే దాన్ని సీ-కొసన (ప్రోటీన్ చివరన) పెట్టకండి. పీడీజెడ్‌ని పట్టుకునేది ఆ చివరి అమైనో ఆమ్లాలే. అక్కడ ట్యాగ్ పెడితే ఆ కొస మూసుకుపోయి జెడ్‌ఓకి అందదు. ఎన్-కొసన (ప్రోటీన్ మొదట్లో) పెట్టండి.

ఆక్లూడిన్ బ్యాండ్ మీద మీరు పెట్టుకున్న నమ్మకం కొంచెం తగ్గించుకోవాలి. 1993లో జపాన్‌లో షోయిచిరో త్సుకితా బృందం దాన్ని మొదట కనిపెట్టింది. అప్పట్లో జంక్షన్‌కి అదే ఆధారం అనుకున్నారు. కానీ ఆక్లూడిన్ జన్యువు తీసేసిన ఎలుకల పేగులో తంతువులు మామూలుగానే కనిపించాయి. అసలు తంతువు కట్టేది క్లాడిన్ అని 1998లో అదే బృందం చూపింది: జంక్షన్లే ఉండని ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో క్లాడిన్ ఒక్కటి పెట్టినా తంతువులు అల్లుకున్నాయి. ఆక్లూడిన్ పనికిమాలినదని కాదు. పెద్ద అణువులు జారిపోయే దారిని అదుపు చేయడంలో దానికి పాత్ర ఉంది. టీర్ పెరగకపోవడానికి కారణం మాత్రం అక్కడ వెతకొద్దు.

క్లాడిన్లలో అన్నీ మూసేవి కావు. 1, 3, 4, 5 లాంటివి దారి మూస్తాయి. క్లాడిన్-2 సోడియం లాంటి ధన అయాన్లకి సన్నటి రంధ్రం తెరుస్తుంది. కుక్క మూత్రపిండ కణాల్లో రెండు రకాలు చూడండి: ఎండీసీకే-1 కణాల టీర్ వేలల్లో ఉంటుంది, ఎండీసీకే-2లో మహా అయితే వంద, రెండొందలు. ఎండీసీకే-1లోకి క్లాడిన్-2 ప్రవేశపెడితే టీర్ పడిపోతుంది. కాబట్టి క్లాడిన్ పెరిగింది అని రాసే ముందు ఏ నంబరు క్లాడినో చూడాలి. ఐఎల్-13 (వాపు సంకేత ప్రోటీన్) తగిలిన పేగు కణాల్లో పెరిగేది క్లాడిన్-2యే. శరీరంలో ఇది ఎంత కచ్చితమైన పనో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. క్లాడిన్-16 చెడితే మూత్రపిండాలు మెగ్నీషియం, కాల్షియం నిలుపుకోలేవు. క్లాడిన్-14 చెడితే చెవుడు వస్తుంది.

ఇక మీ 150 సంగతి. ముందు లెక్క సరిచూడండి. కణాలు లేని ఇన్సర్ట్ రీడింగ్ తీసేయాలి, మిగిలిన దాన్ని పొర వైశాల్యంతో గుణించాలి. 12 బావుల ప్లేట్ ఇన్సర్ట్ వైశాల్యం 1.12 చ.సెం.మీ. రీడింగ్ 480, ఖాళీ ఇన్సర్ట్ 120 అయితే 360 × 1.12, అంటే సుమారు 403 ఓమ్ చ.సెం.మీ. గుణించాల్సింది భాగించేవాళ్ళు చాలామంది. 12 బావుల ప్లేట్‌లో ఆ తప్పు పెద్దగా బయటపడదు గానీ 24 బావుల ఇన్సర్ట్‌లో (0.33 చ.సెం.మీ.) జవాబు 9 రెట్లు మారిపోతుంది. ఇంక్యుబేటర్ నుంచి తీసిన ప్లేట్‌ని 15–20 నిమిషాలు గది వేడికి రానివ్వండి. ద్రవం చల్లగా ఉంటే టీర్ ఎక్కువగా, వెచ్చగా ఉంటే తక్కువగా చూపిస్తుంది. ప్లేట్లన్నిటికీ ఒకే వేడి పాటించకపోతే అంకెల్ని పోల్చలేరు.

కొలిచే ముందు దేంతో కడుగుతున్నారు? కాల్షియం, మెగ్నీషియం లేని మామూలు పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో అయితే, జంక్షన్లని మీ చేత్తో మీరే విప్పుతున్నట్టు. ఈ-క్యాడ్‌హెరిన్ పట్టు సడలగానే యాక్టిన్-మయోసిన్ పట్టీ బిగుసుకుని, పక్కపక్క కణాలు దూరంగా లాగబడతాయి. నిమిషాల్లో టీర్ పడిపోతుంది. కాల్షియం, మెగ్నీషియం రెండూ ఉన్న పీబీఎస్ గానీ హెచ్‌బీఎస్‌ఎస్ అనే మరో ఉప్పు బఫర్ గానీ వాడండి. తక్కువ టీర్ అని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట అనుమానించేది దీన్నే.

కణాలు చల్లేటప్పుడు ప్లేట్‌ని గుండ్రంగా తిప్పితే కణాలన్నీ ఒకచోట పోగుపడి, మిగతా చోట పలచబడతాయి. ముందుకీ వెనక్కీ, తర్వాత అడ్డంగా, నెమ్మదిగా జరపండి. చ.సెం.మీ.కి లక్ష కణాలు సరిపోతాయి. మీడియం రెండు రోజులకోసారి మార్చాలి. తీసేటప్పుడు ముందు కింది గదిది, పోసేటప్పుడు ముందు పై గదిది. క్రమం తప్పితే కింది ద్రవం ఒత్తిడికి కణాల పొర లేచిపోతుంది. మైకోప్లాస్మా (పెంచే కణాలకి పట్టే బాక్టీరియా) పరీక్ష చేయించండి, పాసేజ్ నంబరు (కణాల్ని ఎన్నిసార్లు కొత్త పాత్రకి మార్చారో) రాసిపెట్టండి.

ఇవన్నీ సరిగా ఉంటే రెండో కొలత తీసుకోండి: 4 కిలోడాల్టన్ల ఎఫ్‌ఐటీసీ-డెక్స్‌ట్రాన్ (వెలిగే ఫ్లోరసీన్ రంగు తగిలించిన చక్కెర గొలుసు). మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున పై గదిలో పోసి, 37 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచి, 30, 60, 90, 120 నిమిషాలకి కింది గది నుంచి 100 మైక్రోలీటర్లు తీయండి. తీసినంత కొత్త బఫర్ కింది గదిలో పోయండి. ప్రామాణిక రేఖ కింది గది బఫర్‌లోనే గీయాలి, ఎందుకంటే ఆమ్లత పెరిగితే ఫ్లోరసీన్ వెలుగు తగ్గిపోతుంది. టీర్ తక్కువగా ఉండి డెక్స్‌ట్రాన్ దాటకపోతే సన్న రంధ్రాల దారి తెరుచుకుందన్నమాట, క్లాడిన్-2 చూడండి. డెక్స్‌ట్రాన్ కూడా ధారాళంగా వస్తుంటే పొరలో చిల్లులైనా ఉండాలి, కణాలు చస్తున్నా ఉండాలి, లేదా మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్ (యాక్టిన్-మయోసిన్ పట్టీని బిగించే ఎంజైమ్) చెలరేగి ఉండాలి. టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేత ప్రోటీన్ చేసే నష్టం ఈ చివరి దారిలోనే: పట్టీ బిగుస్తుంది, ఆక్లూడిన్ కణం లోపలికి పోతుంది. ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి కారే ఎంజైమ్) కొలిస్తే కణాల చావు సంగతి విడిగా తేలుతుంది.

ప్రోటీన్ ఎక్కడుందో తెలియాలంటే బ్లాట్‌నే రెండుగా విడదీయొచ్చు. 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (మెత్తటి డిటర్జెంట్)లో 4 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, 15,000 జీ దగ్గర తిప్పండి. జంక్షన్‌లో కట్టుబడిన క్లాడిన్, ఆక్లూడిన్‌లలో ఎక్కువ భాగం అడుగున ముద్దలో మిగులుతాయి, విడిగా తిరిగేవి పై ద్రవంలోకి వస్తాయి. ముద్దని 1 శాతం ఎస్‌డీఎస్ (గట్టి డిటర్జెంట్)లో కరిగించి రెండూ పక్కపక్కన నడపండి. ఒక జాగ్రత్త: క్లాడిన్ కణత్వచాన్ని నాలుగుసార్లు దాటే ప్రోటీన్. 95 డిగ్రీల్లో మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైభాగంలోనే ఆగిపోవచ్చు. 37 డిగ్రీల్లో 30 నిమిషాలు చాలు. 20–22 కిలోడాల్టన్ల బ్యాండ్ కోసం 12–15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ బ్లాట్ పొర వాడండి. జెడ్‌ఓ-1కి 6–8 శాతం వేరే జెల్ పోయాల్సిందే.

ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో (వెలిగే యాంటీబాడీతో ప్రోటీన్ ఉన్నచోటు చూసే పద్ధతిలో) మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌లో 5–10 నిమిషాలు ఉంచితే క్లాడిన్, ఆక్లూడిన్ సాధారణంగా స్పష్టంగా వస్తాయి. కణాల్ని స్థిరపరచడానికి మెథనాల్ బదులు పీఎఫ్‌ఏ వాడితే కొన్ని యాంటీబాడీలకి పట్టు దొరకదు. జెడ్‌ఓ-1 తెగని తేనెపట్టు గడుల్లా కనిపించాలి. గీత తెగిందని రాసే ముందు జెడ్-స్టాక్ (వేర్వేరు లోతుల్లో బొమ్మల వరస) తీయండి. ఇన్సర్ట్ పొర ముడతపడితే ఒకే లోతులో తీసిన బొమ్మలో మంచి జంక్షన్ కూడా తెగినట్టే ఉంటుంది.

జంక్షన్ కట్టడంలో లోపమా, కట్టాక నిలవడంలో లోపమా అన్నది కాల్షియం స్విచ్‌తో (కాల్షియం తీసేసి తిరిగిచ్చే పరీక్షతో) తేలుతుంది. 2 మిల్లీమోలార్ ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టేసేది)లో 10–20 నిమిషాలు ఉంచి, 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉన్న మామూలు మీడియంకి మార్చండి. 0, 1, 2, 4, 24 గంటలకి టీర్ కొలవండి. అసలు లేవకపోతే కట్టడంలోనే చిక్కు. లేచి మళ్ళీ పడిపోతే నిలుపుకోవడంలో. ఫ్రాప్ ప్రయోగాల్లో (ఒకచోట వెలుగు చెరిపి, అది తిరిగొచ్చే వేగం చూసేవి) చూస్తే క్లాడిన్లు చాలావరకు కదలకుండా ఉంటాయి గానీ, జెడ్‌ఓ-1 ఎప్పటికప్పుడు కణద్రవ్యంలోకి పోయి వస్తూ ఉంటుంది, ఆక్లూడిన్ త్వచంలో జారుతూ ఉంటుంది. నిలిచిన జంక్షన్‌లో కూడా ఈ రాకపోకలు ఆగవు. మీరు ఏదైనా మందు పెడుతుంటే దాన్ని ఈజీటీఏ దశలో కాకుండా కాల్షియం తిరిగిచ్చేటప్పుడు కలపండి. మందు కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.5 శాతం మించనివ్వకండి, అదే మోతాదు డీఎంఎస్‌ఓ ఒక్కటే పెట్టిన బావి కూడా ఉండాలి.

ఖాళీ ఇన్సర్ట్ రీడింగ్, మీరు కడిగే బఫర్ పేరు, డెక్స్‌ట్రాన్ అంకెలు కింద రాయండి. ఆ మూడూ ఉంటే క్లాడిన్-2 దాకా వెళ్ళాలా వద్దా అన్నది చెప్పగలను.