భీముడిని వదిలేసిన మా అమ్మాయి

కథల్లోని వీరులు యుద్ధంలో చేసిన పనులను ఇప్పటి నీతితో తూచడం సబబేనా, భీముడు తొడ విరగ్గొట్టడం యుద్ధనేరమా అని అడిగారు. తూచవచ్చు. కాకపోతే తీర్పు మీరు అనుకున్నవాడి మీద పడదు. నాకూ అదే అనుభవమైంది.

మాది చిత్తూరు జిల్లా. మా ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేల మీద వెల్లకిలా పడుకున్న పెద్ద మట్టి దుర్యోధనుడు, అతని చుట్టూ గద పట్టుకుని తిరిగే భీముడి వేషగాడు. తొడ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మగానే చిన్నప్పుడు నేనూ గొంతు పోయేలా అరిచాను.

కొన్నేళ్ళ కిందట న్యాయశాస్త్రం చదువుతున్న మా అమ్మాయిని తీసుకెళ్ళాను. "ఇది నేరమే కదా?" అని రెచ్చగొట్టాను. కాదంది. గద ఎత్తి పోరాడుతున్నవాడికి దెబ్బ ఎక్కడ తగిలిందన్నది నేటి యుద్ధ చట్టానికి పట్టదట. నాభి కింద కొట్టకూడదన్నది గదాయుద్ధ నియమం, బలరాముడు నాగలి ఎత్తింది అందుకు. కూలిపోయినవాడి తలను కాలితో తన్నడం మాత్రం తప్పేనంది. ధర్మరాజు భీముడిని వారించింది కూడా అక్కడే.

తిరుగు బస్సులో వాదన ద్రోణుడి దగ్గరికి వచ్చింది. అశ్వత్థామ చనిపోయాడన్న మాట శత్రువును ఏమార్చే ఎత్తు. 1907 హేగ్ యుద్ధ నిబంధనల ప్రకారం అలాంటి ఎత్తులు చెల్లుతాయి. భారతం మాత్రం ధర్మరాజును వదల్లేదు. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే అతని రథం కిందికి దిగింది, స్వర్గారోహణ పర్వంలో నరకమూ చూడవలసి వచ్చింది. మరి అస్త్రాలు వదిలి యోగంలో కూర్చున్న ద్రోణుడి తల నరికిన పాండవ సేనాపతి ధృష్టద్యుమ్నుడు? 1949 జెనీవా ఒప్పందాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం అంతర్యుద్ధాల గురించినది. (దాయాదుల పోరు అందులోకే వస్తుందని మా అమ్మాయి పట్టు.) ఆయుధం విడిచినవాడిని చంపకూడదని అందులో స్పష్టంగా ఉంది. చెయ్యి తెగి ప్రాయోపవేశానికి (తిండి మాని చావడానికి) కూర్చున్న కౌరవ వీరుడు భూరిశ్రవుడిని చంపిన పాండవ పక్షపు సాత్యకీ దొరికిపోయాడు.

అశ్వత్థామ దగ్గర నాకు ఒళ్ళు మండింది. రాత్రివేళ శిబిరంలో నిద్రపోతున్న సైనికుల మీద దాడి చేయడం దానంతట అది నేరం కాదంది! పాండవ స్త్రీల గర్భాల మీదికి అస్త్రం మళ్ళించినందుకే శిక్ష వేస్తానంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నిరాయుధుడిని, పారిపోయేవాడిని, మరొకరితో పోరాడుతున్నవాడిని కొట్టకూడదని భీష్మ పర్వం మొదట్లోనే రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఆ మాట ఇచ్చినవారిని ఆ మాటతోనే తూచాలని నా వాదన. జెనీవా దాకా పోకుండానే అందరూ దొరుకుతారు, మనవాళ్ళతో సహా.

వీలైతే తిక్కన ద్రోణ పర్వం చివరి భాగం చదవండి. గురువును చంపించినందుకు అర్జునుడు అన్ననే నిలదీస్తాడు. సాత్యకి ధృష్టద్యుమ్నుడి మీదికి లేస్తాడు. అతడేమో, భూరిశ్రవుడిని నువ్వు ఎలా చంపావో చెప్పు ముందు, అంటాడు. ఇక సాత్యకి గద పట్టుకుని ఉరుకుతాడు, భీముడు వెంటపడి పట్టుకోవలసి వస్తుంది.